ఇల్లు మెరవాలి, అప్పుతో కాదు

ఈసారి రాసేది కొంచెం పెద్దదే. చాయ్ పక్కన పెట్టుకొని ఓపికగా చదవండి. బతుకమ్మ ఇంకా రెండు నెలలే ఉంది. మన సోలాపూర్ తూర్పు వాడల్లో ఇళ్ళు సర్దడం, రంగులు వేయడం మొదలయ్యేది ఇప్పుడే. అందుకే ఈ మాట ఇప్పుడు చెప్పాలనిపించింది.

సంఘం తరఫున మేము నలుగురం మాఘమాసం నుంచి కొత్త ఇళ్ళకు పోయి వస్తున్నాం. చాళ్లలో ఒక్క గదిలో మూడు తరాలు పెరిగిన కుటుంబాలు మనవి. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మికులకు పదివేల ఇళ్ళ కాలనీ వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డామో పెద్దవాళ్ళకు గుర్తుంది. 2024 జనవరి 19న రే నగర్‌లో 15,000 ఇళ్ళు చేతికిచ్చారు. బీడీ చుట్టే అక్కలు, సాంచాలు నడిపే అన్నలు, చిత్తుకాగితాలు ఏరేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు మొదటిసారి సొంత తలుపుకు సొంత తాళం వేశారు. ఆ సంతోషం కళ్ళారా చూశాం. ఆ వెనకే ఇంకొకటి కూడా చూశాం. ఇవాళ్టి మా మాటంతా దాని గురించే.

ఒక ఇంటికి వెళ్ళాం. అడుగుపెట్టగానే పైన పీఓపీ సీలింగు, దాని అంచున నీలం లైట్లు, గోడకు ఇటుకల బొమ్మ స్టిక్కరు, టీవీ చుట్టూ ప్లైవుడ్ అల్మారా. బాగుంది అన్నాం. నిజంగానే బాగుంది. వదిన నీళ్ళిచ్చి కూర్చుంది, కూర్చుంటూనే చాట ఒళ్ళోకి తీసుకుంది. మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆగలేదు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. గృహప్రవేశానికి చుట్టాలు వస్తారని ఈ అలంకరణకే 60,000 అప్పు తీసుకున్నారట. వారానికి 1,350 కిస్తు. అది కట్టడానికి రాత్రి పదకొండింటి దాకా చాట దించడం లేదు. ఇంకో మాట కూడా చెప్పింది. అసలే ఎత్తు తక్కువ గది, సీలింగు పెట్టాక ఇంకా కిందికి దిగింది. ఫ్యాను రెక్కలు నెత్తి మీదే తిరుగుతున్నట్టుంది, ఎండాకాలం ఉక్కపోతకు నిద్ర లేదు. మొదటి వానకే ఒక మూల తడి దిగి పచ్చటి మరక పడింది.

అప్పు చేసి పప్పు కూడు వద్దని మన పెద్దలు ఊరికే అనలేదు. తిండికే అప్పు వద్దన్నవాళ్ళు గోడల అందం కోసం చేసే అప్పును ఏమనేవారో!

ఆ వదినను తప్పు పట్టడానికి రాయడం లేదు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఆ సామెత బరువు మొయ్యాల్సింది ఎప్పుడూ ఇల్లాలే. చుట్టాలు వచ్చి చూసేది ఆమె ఇంటినే, మాట పడేదీ ఆమే. పక్కింట్లో సీలింగు పెడితే మన ఇల్లు వెలవెలబోయినట్టు అనిపిస్తుంది. కాబట్టి తప్పు ఆమె ఒక్కదానిది కాదు. గృహప్రవేశానికి పోయి ముందు సీలింగు చూసే మనందరిదీ. అందుకే సంఘంలో ఒక పద్ధతి పెట్టుకుందామని మేము అడుగుతున్నాం. ఇంటి అలంకరణ కోసం అప్పు చేయకూడదు. చేతికష్టంతో, చేతిలో ఉన్న సొమ్ముతో, మన చుట్టూ దొరికే వాటితో చేసుకోవాలి.

అలా అయితే ఇల్లు బోసిగా ఉంటుందంటారా? మేము చేసి చూసినవి చెప్తాం, మీరే చూసుకోండి.

అన్నిటికన్నా ముందు పైకప్పు. కప్పుకు అలంకరణ ఏమిటని నవ్వకండి. సోలాపూర్ ఎండ మనకు కొత్త కాదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటుతుంది. సిమెంటు కప్పు పగలంతా కాగి రాత్రంతా ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. మనకు పాలసీతో పని లేదు, సున్నం ఉంటే చాలు. సున్నాన్ని ముందురోజు ఇనుప డ్రమ్ములో నానబెట్టాలి. ప్లాస్టిక్ బకెట్ వద్దు, సున్నం ఉడికేటప్పుడు వచ్చే వేడికి అది నిలవదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కళ్ళలో పడితే చూపుకే ప్రమాదం. మర్నాడు వడకట్టి, బంక కలిపి, ఊడ్చి కడిగిన కప్పు మీద రెండు పూతలు వేయాలి. ఫిబ్రవరిలో మేము ఒక ఇంటి మీద వేశాం. మే నెలలో మధ్యాహ్నం పక్క కప్పు మీద చెప్పుల్లేకుండా నిలబడలేకపోయాం, ఈ కప్పు మీద నిలబడ్డాం. కింద గదిలో ముసలమ్మ పగలు పడుకోగలుగుతోంది. వానలకు పూత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. అంతస్తుల ఇళ్ళలో కప్పు అందరిదీ కదా, అక్కడ అందరూ కలిసి వేయాలి. పై అంతస్తు వాళ్ళకు చల్లదనం, అందరికీ బట్టలు ఆరేసుకునే శుభ్రమైన చోటు.

తర్వాత కూర్చునే చోటు. పత్రికల్లో వచ్చే అలంకరణ ముచ్చట్లు మన ఇళ్ళకు ఎందుకు సరిపోవో తెలుసా? ఆ ఇళ్ళల్లో ఎవరూ పని చేయరు. మన ఇళ్ళల్లో సగానికి ఇల్లే కార్ఖానా. అందుకే మన ఇంట్లో మొదట అలంకరించాల్సింది టీవీ గోడను కాదు, ఇల్లాలు రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే మూలను. ఆ మూలను కిటికీ దగ్గరికి మార్చండి. వెలుతురు చేతుల మీద పడాలి, గాలి తంబాకు దుమ్మును బయటికి తీసుకుపోవాలి. గోడకు ఆనుకోవడానికి ఒక మెత్త, కింద ఒక మందపాటి ఆసనం వేయండి. అక్కడ పరదా పలచగా ఉండాలి, వారానికోసారి ఉతకగలిగేదై ఉండాలి. మందపాటి పరదా దుమ్ము పట్టి ఉంచుతుంది, ఆ దుమ్ము పీల్చేది పక్కన ఆడుకునే పిల్లలే.

ఆ మెత్తకు, ఆసనానికి బట్ట ఎక్కడిదంటారా? సోలాపూర్‌లో ఉండి బట్ట ఎక్కడని అడిగితే నవ్విపోతారు. మన సోలాపురీ చద్దరుకు, టెర్రీ టవల్‌కు జీఐ గుర్తింపు ఉంది. ఆ చద్దర్లు నేసినవాళ్ళం మనం. అయినా మన ఇళ్ళల్లో ఎక్కడో నేసిన పాలిస్టరు సోఫా కవర్లు ఉంటాయి. కార్ఖానాల్లో డ్యామేజీ మాలు తక్కువ ధరకు దొరుకుతుంది. ఒక పోగు తెగినదో, అంచు వంకరపోయినదో ఉంటుంది, గోడకు వేలాడదీస్తే ఎవరికీ కనపడదు. ఒక పూల డిజైన్ చద్దరును వెదురు బద్దకు కుట్టి గోడకు వేలాడదీశాం. ఇటుకల స్టిక్కరు దాని ముందు నిలవదు. టవల్ చిందీ కిలోల లెక్కన అమ్ముతారు. దాన్ని జడలా అల్లి గుండ్రంగా చుట్టి కుడితే కాళ్ళు తుడుచుకునే పట్టా అవుతుంది. ఇది చేసింది తొమ్మిదో తరగతి పిల్ల. రెండు ఆదివారాలు పట్టింది.

ఇక్కడ ఒక పెద్ద వాదన వచ్చింది, దాచకుండా చెప్తాం. ఒక ఇంట్లో అటక మీద పాత నాడెలు, కండెలు, ఒక రాట్నం చక్రం కనిపించాయి. తుక్కువాడికి వేయబోతున్నారు. గోడకు పెట్టుకుంటే ఎంత బాగుంటుందని మేము అన్నాం. ఆ ఇంటి అబ్బాయి చదువుకున్నవాడు, మంచివాడు. వాడు ఇలా అన్నాడు: “అక్కా, మా తాత గుంటమగ్గంలో కూర్చొని కాళ్ళు పోగొట్టుకున్నాడు. నాయిన సాంచాల చప్పుడుకు చెవులు పోగొట్టుకున్నాడు. ఆ కష్టాన్ని తెచ్చి నేను షోపీసు చేయాలా?”

మాకు వెంటనే జవాబు దొరకలేదు. వాడన్నది నిజమే. కరీంనగర్ నుంచి, పాలమూరు నుంచి మన ముత్తాతలు ఇక్కడికి వచ్చింది బతుకు కోసం, ముచ్చటకు కాదు. పెద్ద హోటళ్ళలో పాత మగ్గం పెట్టి దీపాలు వేస్తారు చూడండి, ఆ పని మనం చేయనక్కరలేదు. అందుకని ఆ పిల్లవాడితో వాదన పెట్టుకోలేదు. మూలన మంచం మీద ఉన్న తాతనే అడిగాం. ఆయనకు ఎనభై దాటాయి. నాడె చేతికిస్తే రెండు వైపులా తడిమి చూశాడు. చాలాసేపటికి, “గోడకు వద్దు బిడ్డా. నా మంచం పక్కన పెట్టండి, చేతికి అందాలె” అన్నాడు. ఇప్పుడు అది ఆయన మంచం పక్క గూట్లో ఉంది. మనవడే ఆ గూటికి రంగు వేశాడు.

కాబట్టి ఈ విషయంలో మా అభిప్రాయం ఇది. పనిముట్టును గోడకు పెట్టాలా వద్దా అన్నది ఎవరింటి వాళ్ళ ఇష్టం. కానీ దానితో పని చేసిన మనిషి ఇంట్లో బతికి ఉండగా, ఆ మనిషిని ఒక్క మాట అడగకుండా తుక్కువాడికి వేయకండి. కిలో కట్టెకు వచ్చే డబ్బుతో మీ ఇల్లేమీ నిండదు.

ఇక గడప బయటికి వద్దాం. మన ఇళ్ళ ముందు అన్నిటికన్నా పెద్ద వస్తువు ఏది? నీలం డ్రమ్ము. నల్లా రోజూ రాని ఊళ్ళో డ్రమ్ము లేనిదే బతుకు లేదు. ఇంటి ముందు ఎంత అందం చేసినా ముందు కనపడేది అదే. దాన్ని దాచే పని పెట్టుకోకండి, నీడ చేయండి. రెండు వెదురు కర్రలు పాతి పాత గోనెసంచో, నేతచాపో కట్టండి. పక్కన ఒక తీగ పాకించండి. నీళ్ళు చల్లగా ఉంటాయి, డ్రమ్ము ఎండకు పగలదు. మూత మాత్రం గట్టిగా ఉండాలి. మూత లేని డ్రమ్ము డెంగీ దోమకు పుట్టిల్లు. కుండీల కింద పెట్టే పళ్ళేల్లో కూడా నీళ్ళు నిలవనీయకండి.

మొక్కల విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. నర్సరీకి పోయి రంగురంగుల పూలమొక్క తెస్తారు. దానికి రోజూ నీళ్ళు కావాలి. మన దగ్గర తాగడానికే లెక్క. పదిహేను రోజులకు మొక్క ఎండుతుంది, కుండీ ఖాళీ అవుతుంది. మన నేలకు అలవాటైన మొక్కలు పెట్టండి. బిళ్ళ గన్నేరు తక్కువ నీళ్ళతో ఏడాదంతా పూస్తుంది. కలబందను మరిచిపోయినా బతుకుతుంది. తులసి, కరివేపాకు ఎలాగూ ఉండాలి. జాగా ఉంటే ఒక మునగ కొమ్మ పాతండి. నీడా ఇస్తుంది, కూరా ఇస్తుంది. పెద్ద గన్నేరు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు, దాని ఆకూ పువ్వూ విషం. బిళ్ళ గన్నేరు కూడా నోట్లో పెట్టుకునేది కాదు, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. కుండీలు కొనక్కరలేదు. నూనె డబ్బా, పాత రంగు బకెట్, పగిలిన కుండ చాలు. అడుగున చిల్లులు పెట్టి, బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పోయండి.

అన్నిటికన్నా ముఖ్యంగా మేము అడిగేది రెండు మొక్కలు. తంగేడు, గునుగు. బతుకమ్మ వచ్చిందంటే మనవాళ్ళు తంగేడు కోసం ఊరవతలికి పరుగెత్తుతారు. దొరక్కపోతే బజారులో బంతిపూలు కొని ముగిస్తారు. తంగేడు ఇక్కడ లేని మొక్కా? మరాఠీవాళ్ళు దాన్ని తరవడ్ అంటారు. గునుగును కుర్డు అంటారు, చేలల్లో కలుపు మొక్క అని పీకి పారేస్తారు. రెండూ వానకే బతుకుతాయి. ఒక తంగేడు కాలనీ గోడ వెంట నాటితే రెండు మూడేళ్ళలో పొదవుతుంది. ఇంటింటికీ ఒకటి నాటితే పూల కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. పిల్లలు, “ఇది తరవడ్ కదా, తంగేడు అంటావేం” అని అడుగుతారు. అడగనీయండి. రెండు పేర్లూ తెలిసిన పిల్లవాడు ఇద్దరిలో ఒకడు కాదు, ఇద్దరివాడు.

ముగ్గు గురించి చెప్పకపోతే తప్పు. ఇప్పుడు చాలా గడపల ముందు ప్లాస్టిక్ ముగ్గు అంటించి ఉంది. ఒకసారి అంటిస్తే ఏడాది చూడక్కరలేదు అంటారు. ఏడాది చూడక్కరలేనిదాన్ని అందం అంటామా? పొద్దున బీడీ కార్ఖానాకు మాల్ ఇవ్వడానికి పరుగెత్తే అక్కకు రోజూ ముగ్గు వేసే తీరిక లేదు, అది మాకు తెలుసు. రోజూ వద్దు, శుక్రవారం నాలుగు గీతలు వేయండి. మరాఠీ పక్కింటామె రంగోళీ చుక్కల్లేకుండా చేతివాటంతో వేస్తుంది, మనది చుక్కల ముగ్గు. ఒకరిది ఒకరు నేర్చుకోండి. ఒక గల్లీలో ఇద్దరు ముసలమ్మలు అలాగే చేస్తున్నారు. ఒకరికి తెలుగు రాదు, ఇంకొకరికి మరాఠీ సరిగా రాదు. ముగ్గు పిండి మాత్రం ఒకే డబ్బాలోది.

చివరగా తలుపు. కొత్త ఇళ్ళ తలుపుల మీద పేర్లు చూసుకుంటూ పోయాం. మరాఠీలో ఉన్నాయి, ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో ఒక్కటి కనపడలేదు. లోపల మాట్లాడేదంతా తెలుగే. మరాఠీ తీయమని ఎవరూ అనడం లేదు, ఈ నేల మనకు అన్నం పెట్టింది. మరాఠీ కింద తెలుగులో కూడా ఒక వరుస రాయమంటున్నాం. అరచేతి వెడల్పు చెక్క, ఒక చిన్న డబ్బా రంగు ఉంటే చాలు. రాసేది పిల్లలై ఉండాలి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. తమ ఇంటి పేరు తామే రాసిన పిల్లలు ఆ ఆరేడు అక్షరాలను ఇక మరవరు. ఒక అమ్మాయి ‘ఇంటి’ అని రాయబోయి సున్నా మరిచిపోయింది. తర్వాత ఇరికించిన ఆ సున్నా ఇప్పటికీ రెండక్షరాల మధ్య కొంచెం పైకి ఉంటుంది. దాన్ని సరిచేయవద్దని తల్లితో చెప్పి వచ్చాం.

ఇప్పుడు లెక్క. ఒక ఇంటికి మొత్తం చేసి చూపించాం. సున్నం, బంక, బ్రష్షులకు 620. డ్యామేజీ చద్దరు, పరదా బట్టకు 380. మట్టి, ఎరువుకు 150. ఎర్రమన్ను, ముగ్గు పిండికి 60. చెక్క, రంగుకు 130. అంతా కలిపి 1,340 రూపాయలు. మొదట చెప్పిన వదిన కట్టే ఒక్క వారం కిస్తు 1,350. ఇంతకన్నా మేము చెప్పేదేమీ లేదు.

“బీదవాళ్ళు బీదగానే కనపడాలంటారా? సీలింగు పెట్టుకునే హక్కు మాకు లేదా?” అని సంఘం కూడికలో ఒకన్న కోపంగా అడిగాడు. హక్కు ఉంది అన్నా, ఎవరు కాదన్నారు? డబ్బు పోగేసుకొని పెట్టుకోండి, మేమే వచ్చి దీపాలు వెలిగిస్తాం. వద్దన్నది అప్పును, సీలింగును కాదు. ఇల్లు మన పేరు మీదికి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఇంట్లో నిద్ర కూడా మనదే కావాలి కదా.

సంఘానికి మా విన్నపాలు మూడు. సంఘం డబ్బుతో ఒక నిచ్చెన, ఒక డ్రిల్ మిషను, సున్నం నానబెట్టే ఇనుప డ్రమ్ము ఒకటి కొనాలి, అడిగిన ఇంటికి ఇవ్వాలి. ఆదివారాలు హాలులో పిల్లలతో తలుపు పలకలు రాయించాలి. దసరాకు ఇచ్చే బహుమతుల్లో ఈ ఏడు ఇంటి అలంకరణకు కూడా ఒకటి పెట్టాలి. దానికి షరతులు రెండే ఉండాలి: ఖర్చు 1,500 దాటకూడదు, అప్పు పైసా ఉండకూడదు.

మొన్న మార్కండేయుడి రథం రోజు ఆ వదిన కనిపించింది. కిస్తులు ఇంకా పదకొండు ఉన్నాయట. అవి తీరాక సీలింగు ఊడదీయిస్తానంది. “ముందు పైన సున్నం వేయిద్దాం వదినా, దానికి కిస్తులు తీరేదాకా ఆగనక్కరలేదు” అన్నాం. వానలు తగ్గగానే నిచ్చెన పట్టుకొని పోతున్నాం. చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు రండి.